జాలితో వద్దు, పని చూసి తీసుకోండి

ప్రశ్న: నమస్కారమండీ. పలాస దగ్గర మాకు జీడిపప్పు యూనిట్ ఉంది. ఆఫీసు, గోడౌను అన్నీ కలిపి 40 మంది పనిచేస్తారు. ఎక్కువమంది ఆడవాళ్లే. కొంతకాలంగా పనికి మనుషులు దొరకడం లేదు. కుర్రకారంతా హైదరాబాద్, చెన్నై వెళ్లిపోతున్నారు. పోయిన వారం పక్క ఊరి నుంచి ఒకతను తన చెల్లెల్ని తీసుకొచ్చి గ్రేడింగ్‌లో పెట్టుకోమని అడిగాడు. ఆ అమ్మాయికి 22 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాట రాదు. బధిరుల పాఠశాలలో పదో తరగతి చదివింది. అదే వారం అకౌంట్స్ పనికి ఇంకొకతను దరఖాస్తు పెట్టుకున్నాడు. బీకాం చదివాడు, ట్యాలీ వచ్చు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు పనిచేయదు, చంక కర్రతో నడుస్తాడు. మా ఆఫీసేమో మేడ మీద ఉంది. నాకు ఇద్దరినీ తీసుకోవాలనే ఉంది. కానీ మా సూపర్‌వైజర్ "వినపడని పిల్లకి నేను పని ఎలా చెప్పాలి? ఏ దెబ్బో తగిలితే ఎవరిది బాధ్యత?" అంటోంది. మా ఆవిడ "సాయం చేయాలంటే నెలనెలా ఎంతో కొంత డబ్బు ఇద్దాం, పనిలో ఎందుకు" అంటోంది. వీళ్లకు కూలి, జీతం అందరితో సమానంగా ఇవ్వాలా? ప్రభుత్వం నుంచి మాకేమైనా వస్తుందా? పని కుదరకపోతే తీసేయొచ్చా, కేసులేమైనా అవుతాయా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇద్దరినీ తీసుకోండి. కాకపోతే ఎందుకు తీసుకుంటున్నారో ముందు మీలో మీరు తేల్చుకోండి.

మీకు మంచి మనసుంది, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అయితే ఆ మనసు ఒక్కటే ఆధారమైతే ఆ అమ్మాయి ఆరు నెలలు కూడా నిలవదు. జాలిపడి తీసుకున్న మనిషికి ఎవరూ పని గట్టిగా నేర్పరు. తప్పు చేస్తే "పోనీలే పాపం" అని ఊరుకుంటారు. పక్కన కూర్చున్నవాళ్లు ఆ తప్పును సర్దుతూ పోతారు. కొన్నాళ్లకు వాళ్లకు విసుగొస్తుంది. ఆ తర్వాత "వీళ్లతో అయ్యే పని కాదండీ" అనే మాట వస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లను ఉద్యోగాల్లో చేర్పించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను చూసినంతలో మధ్యలో ఆగిపోయిన ఉద్యోగాలు ఎక్కువగా ఇలా ఆగిపోయినవే. మీకు గ్రేడింగ్‌కి మనిషి కావాలి, ఆమెకు పని కావాలి. మాట అక్కడి నుంచే మొదలవ్వాలి.

మీ ఆవిడ చెప్పిన మాట కూడా మంచి ఉద్దేశంతో చెప్పిందే. కానీ ఆ అన్నయ్య మీ దగ్గరికి డబ్బు కోసం రాలేదు. 22 ఏళ్ల పిల్ల పొద్దున లేచి టిఫిన్ డబ్బా సర్దుకుని పనికి వెళ్లడం, నలుగురిలో కూర్చోవడం, నెలాఖరుకు తన సంపాదన తను చూసుకోవడం, ఇవేవీ మీరు నెలనెలా పంపే డబ్బుతో రావు.

ఇక పని సంగతి. గ్రేడింగ్ బల్ల దగ్గర ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. పొట్టు తీసిన పప్పు వస్తుంది. గుండు, బద్ద, ముక్క విడగొట్టాలి. గుండులో మళ్లీ సైజు చూసి 180, 210, 240, 320 అని (పౌనుకు సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకెలు) వేరు చేయాలి. రంగు మాడినది, మచ్చ పడినది, పురుగు తొలిచినది, పొట్టు మిగిలినది ఏరి పక్కన పెట్టాలి. దీనికి కావాల్సింది చూపు, వేళ్ల చురుకుదనం, గంటల తరబడి కూర్చునే ఓపిక, శుభ్రత. ఇందులో చెవితో చేసే పని ఎంత?

ఒక్క రోజు ఆ బల్ల పక్కన కూర్చుని, సూపర్‌వైజర్ నోటితో చెప్పే ప్రతి మాటా కాగితం మీద రాయండి. లాట్ మారింది. ట్రే నిండింది, తూకానికి పట్టుకెళ్లు. ఈ ఆర్డర్‌కి రంగు విషయంలో గట్టిగా ఉండాలి. టీకి లేవండి. కరెంటు పోయింది, లైటు వచ్చేదాకా ఆగండి. లోడు వస్తోంది, ఈ రోజు కొంచెం ఆలస్యమవుతుంది. నా అంచనా ప్రకారం రోజంతా కలిపినా ఇలాంటివి పదీ పదిహేనుకు మించవు. ఒక్కోదాని పక్కన, చెవి అవసరం లేకుండా అదే మాట ఎలా చెప్పొచ్చో రాయండి. లాట్ మారితే బల్ల మీద రంగు కార్డు మార్చొచ్చు. టీకి గోడ గడియారం చాలు. ఆలస్యమయ్యే రోజు ఎన్ని గంటలకు వెళ్లొచ్చో బోర్డు మీద అంకె వేయొచ్చు. కష్టంగా అనిపించేవి రెండో మూడో మిగులుతాయి. సూపర్‌వైజర్‌తో కూర్చుని వాటి గురించి మాట్లాడండి. "వినపడని పిల్లతో ఎలా" అనే పెద్ద ప్రశ్న అప్పుడు చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తుంది.

సూపర్‌వైజర్ అభ్యంతరాన్ని మీరు తేలిగ్గా తీసేయొద్దు. ఆవిడ భయం ఆవిడది. తూకం తగ్గినా, గ్రేడు కలిసిపోయినా మీరు అడిగేది ఆవిడనే కదా. "నేను చెబుతున్నాను, పెట్టుకో" అని ఆజ్ఞ వేస్తే ఆ అమ్మాయిని పెట్టుకుంటుంది. మొదటి పొరపాటు జరగగానే మీ దగ్గరికి తీసుకొస్తుంది. అందుకే ఆవిడకే ఒక పని అప్పగించండి. ప్రతి గ్రేడుకూ ఒక నమూనా ట్రే తయారు చేయమనండి. అసలైన 240 ఎలా ఉంటుంది, దాన్ని 320 నుంచి ఏది వేరు చేస్తుంది, ఏ రంగు దాటితే మాడినట్టు, ఇవన్నీ పప్పుతోనే చూపించే ట్రేలు. వాటిని బల్ల మధ్యలో పెట్టాలి. కొత్తగా చేరే ఎవరికైనా ఇవి పనికొస్తాయి. ఇన్నాళ్లూ ఆవిడ నోటితో పదేపదే చెప్పి అలిసిపోయిన పని సగం తగ్గుతుంది. తన చేతి విద్యను తనే అమర్చి నేర్పించిన పిల్లను ఆవిడ అంత తొందరగా వదులుకోదు.

మాట్లాడటం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పది చదివింది కాబట్టి అన్నీ కాగితం మీద రాసి చూపిస్తే సరిపోతుందని మీరు అనుకోవచ్చు. పుట్టుకతో వినికిడి లేనివాళ్లలో చాలామందికి తెలుగు చెవిన పడి వచ్చిన భాష కాదు. బడిలో కంటితో నేర్చుకున్న రెండో భాష. వాళ్లు ఆలోచించేది సైగల భాషలో, దానికి వ్యాకరణమే వేరు. పొడుగాటి వాక్యం రాసి చూపిస్తే తల ఊపుతుంది, అర్థమైందని మీరు అనుకుంటారు, పని మాత్రం ఇంకోలా జరుగుతుంది. అది ఆమె తెలివితక్కువ కాదు. చిన్న చిన్న మాటలు రాయండి. అంకెలు, బొమ్మలు, నమూనాలు వాడండి. చెప్పాక "అర్థమైందా?" అని అడగడం కన్నా, ఒకసారి చేసి చూపించమనడం మంచిది.

మీ యూనిట్‌లో గ్రేడింగ్ చేసేవాళ్లు మాస్కు పెట్టుకుంటారు కదా. పెదాల కదలిక చూసి కొంత గ్రహించేవాళ్లకు మాస్కు పెద్ద అడ్డంకి. ట్రేకి దూరంగా జరిగి, మాస్కు దించి, ఎదురుగా నిలబడి, మామూలు వేగంతో మాట్లాడాలి. గట్టిగా అరిస్తే పెదాల తీరు మారిపోయి ఉన్న అర్థం కూడా పోతుంది. వెనక నుంచి వెళ్లి ఒక్కసారిగా పట్టుకోకుండా, ఆమెకు కనిపించేలా చెయ్యి ఊపండి, లేదా భుజం మీద మెల్లగా తట్టండి.

సైగలు నేర్చుకోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. మీ పనికి కావాల్సినవి ముప్పై నలభై ఉంటాయి. వాటిని ఆ అమ్మాయినే నేర్పించమనండి. రోజూ టీ సమయంలో రెండేసి నేర్చుకున్నా నెల తిరిగేసరికి బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ వచ్చేస్తాయి. ఢిల్లీలో 2015లో ఏర్పాటైన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వేల మాటలకు వీడియో నిఘంటువు తయారు చేసింది. ఫోన్‌లో ఉచితంగా చూడొచ్చు. చేరే ముందు జీతం, సెలవులు, నియమాలు వివరంగా చెప్పాల్సిన రోజున మాత్రం సైగల భాష బాగా వచ్చినవాళ్లు ఉండాలి. ఆమె చదివిన పాఠశాలలో టీచర్లను అడగండి, వీడియో కాల్‌లోనైనా సాయం చేస్తారు. శ్రీకాకుళంలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయాన్ని కూడా అడగొచ్చు.

ఇంకొక మాట. ఇంతవరకూ మీరు మాట్లాడింది అన్నయ్యతోనే అనుకుంటాను. ఇకమీదట ఆమె వైపు చూసి మాట్లాడండి. పక్కనున్న మనిషి మాట అందిస్తే అందించనివ్వండి, మీ చూపు మాత్రం ఆమె మీదే ఉండాలి. "ఈ అమ్మాయికి ఎందుకిలా అయింది, డాక్టర్లకు చూపించారా" అనే ప్రశ్నలు పని గురించి కూర్చున్నప్పుడు వద్దు. వాటితో మీకు అవసరం లేదు, ఆమెకు మాత్రం పుట్టినప్పటి నుంచీ అవే ఎదురవుతున్నాయి. పనిలో పెట్టి చూడండి. ఒక పూట బల్ల దగ్గర కూర్చోబెట్టి, నమూనా ట్రేలు చూపించి, రెండు మూడు కిలోల కలగలుపు పప్పు ఇవ్వండి. ఆ పూట అన్నయ్య గేటు బయట ఉండాలి. కొత్తగా వచ్చిన వేరే ఎవరినైనా ఏ తూకంతో చూస్తారో ఆమెనూ అదే తూకంతో చూడండి. బాగా చేయలేదనుకుంటే ఆ మాటే చెప్పండి, అందులో తప్పేమీ లేదు.

అకౌంట్స్ అబ్బాయి విషయం ఇంతకంటే సులువు. పనికి కావాల్సినవి ట్యాలీ, జీఎస్టీ లెక్కలు, నమ్మకం. కాలు వాటిలో లేదు. ఆఫీసు మేడ మీద ఉందన్నారు. మెట్లు ఎక్కగలడో లేదో మీరు ఊహించుకుని బాధపడకుండా అతన్నే అడగండి. చంక కర్రతో మెట్లు చకచకా ఎక్కేవాళ్లు బోలెడుమంది. రోజుకు ఒకటి రెండుసార్లయితే ఫరవాలేదు, పదిసార్లయితే కష్టమని అతను అనొచ్చు. అప్పుడు ఆ బల్ల, కంప్యూటరు కిందికి దించండి. స్టాకు రిజిస్టరు గోడౌన్‌లోనే ఉంటుంది కాబట్టి మీకూ అదే సౌకర్యం. నేను గట్టిగా చెప్పేది మాత్రం మరుగుదొడ్డి గురించి. చాలా చోట్ల ఇది ఎవరికీ గుర్తుకు రాదు. గొంతుకు కూర్చునే దొడ్డి ఒక్కటే ఉంటే పోలియో వచ్చిన మనిషి రోజంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకుంటాడు. మొహమాటంతో మీకు చెప్పడు. పైకి మామూలుగానే కనిపిస్తాడు, కొన్ని నెలలకు ఏదో కారణం చెప్పి మానేస్తాడు. ఒక కమోడ్, గోడకు పట్టుకునే రాడ్డు, కడిగినా జారని నేల, ఇవి ఉంటే చాలు. మీ దగ్గర పనిచేసే వయసు మళ్లిన ఆడవాళ్లు కూడా మోకాళ్ల నొప్పులతో అవస్థ పడుతూనే ఉంటారు, వాళ్లకూ ఉపయోగం.

బాధ్యత ఎవరిది అని మీ సూపర్‌వైజర్ అడిగింది. అందరి విషయంలో ఎవరిదో, ఈ ఇద్దరి విషయంలోనూ వాళ్లదే. యూనిట్‌కు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటే పనిలో తగిలే దెబ్బలకు వీళ్లకూ అదే రక్షణ వర్తిస్తుంది. వినపడని మనిషికి నిజమైన ప్రమాదం ఎక్కడుందో అక్కడే చూడండి. నిప్పు రాజుకుని సైరన్ మోగితే ఆమెకు తెలియదు. సైరన్ మోగినప్పుడు మిణుకుమిణుకుమంటూ వెలిగే ఎర్ర బల్బు గ్రేడింగ్ గదిలో, మరుగుదొడ్డిలో పెట్టించండి. ఏ ఎలక్ట్రీషియన్ అయినా చేసే పనే. ప్రతి పూటా పక్కన కూర్చునే ఒకరికి, ఏదైనా జరిగితే ఆమెను తట్టి లేపి వెంట తీసుకెళ్లాలని ముందే చెప్పి ఉంచండి. తలుపు, నడిచే దారి కనిపించేలా కూర్చోబెట్టండి. ట్రాలీలు వెనక నుంచి వచ్చే చోట వద్దు. బాయిలర్ దగ్గర, శబ్దాన్ని బట్టి జాగ్రత్తపడాల్సిన చోట ఆమెను పెట్టకపోవడం సరైన నిర్ణయమే. దాన్ని చూపించి యూనిట్ మొత్తం ప్రమాదమని అనడం మాత్రం సరికాదు. పిక్క కొట్టే చోట జీడి నూనె చేతులకు అంటి కాల్చేది వినిపించేవాళ్లనైనా, వినిపించనివాళ్లనైనా ఒకేలాగే కదా.

ఇంట్లోవాళ్ల భయం ఇంకోటి ఉంటుంది, పైకి అనరు. మాట రాని ఆడపిల్ల, ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పుకోలేదు అని. ఆ భయం నిజమైనదే. పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మీ దగ్గర 40 మంది ఉన్నారు కాబట్టి కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉన్నవాళ్ల తరఫున బంధువు, స్నేహితురాలు, తోటి ఉద్యోగి ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉంది. కమిటీలో ఒకావిడకైనా సైగలు వచ్చి ఉండాలి, లేదా వీడియో కాల్‌లో టీచరు నంబరు దగ్గర ఉండాలి. చేరిన మొదటి రోజే ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. వాళ్ల అమ్మకు కూడా చెప్పండి.

కూలి గురించి అడిగారు. సమానంగా ఇవ్వాలి. కిలో లెక్కన ఇస్తుంటే అందరికీ ఏ రేటో ఆమెకూ అదే. మొదటి నెలల్లో తక్కువ కిలోలు చేస్తే తక్కువే వస్తుంది, కొత్తగా వచ్చిన ఎవరికైనా అంతే. కొత్తవాళ్లకు శిక్షణ కాలంలో రోజు కూలి ఇచ్చే పద్ధతి మీకుంటే అది ఆమెకూ వర్తింపజేయండి. "వీళ్లకు వేరే ఎక్కడా పని దొరకదు, తక్కువకే వస్తారు" అనే లెక్క ఎవరైనా మీ చెవిలో వేస్తే వినొద్దు. దానికంటే పెద్ద అన్యాయం లేదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఎక్కువ ఇవ్వాల్సిన పని కూడా లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండేవి, ఇందులో 21. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఈ చట్టం ప్రకారమే. ప్రైవేటువాళ్ల మీద అలాంటి నిర్బంధం లేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం మంది 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లు ఉండేలా ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని ప్రభుత్వాలకు చెప్పింది. మీ 40 మందిలో 5 శాతం అంటే ఇద్దరు. మీ గుమ్మం దగ్గరికి వచ్చిందీ ఇద్దరే. ప్రైవేటు సంస్థలకు తప్పనిసరి అయినది ఒకటుంది: సమాన అవకాశాల విధానం రాసి, వెబ్‌సైటులోగానీ అందరికీ కనిపించే చోటగానీ పెట్టాలి. 20 మంది, అంతకు మించి ఉన్న సంస్థలైతే ఏ పనులు అనుకూలం, ఎంపిక ఎలా, ఏ సౌకర్యాలు ఇస్తారు అన్నవి కూడా అందులో రాయాలి, ఈ వ్యవహారం చూసే ఒకరిని నియమించాలి. మీ కన్సల్టెంట్‌ని అడిగితే రాసి పెడతారు. ఆ కాగితం గోడకు అంటించి వదిలేయకుండా, నేను పైన చెప్పిన నమూనా ట్రేలు, బల్బు, కమోడ్ అన్నీ అందులో రాయించండి.

ఇలాంటి మార్పులు చేయడం దయ కిందికి రాదు, ఆ మనిషికి హక్కు అని సుప్రీంకోర్టు 2021లో వికాస్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక అభ్యర్థి సివిల్స్ పరీక్షకు లేఖకుడు కావాలని అడిగితే యూపీఎస్సీ కాదంది. కోర్టు ఆ అభ్యర్థి వైపే నిలిచింది.

ప్రోత్సాహకాల విషయానికొస్తే, ఈఎస్ఐలో మామూలు ఉద్యోగులకు నెలకు 21,000 రూపాయల జీతం దాకానే వర్తిస్తుంది, వైకల్యం ఉన్నవాళ్లకు 25,000 దాకా వర్తిస్తుంది. అంటే అకౌంట్స్ అబ్బాయికి మంచి జీతం ఇచ్చినా ఆ రక్షణ పోదు. దివ్యాంగ ఉద్యోగుల తరఫున యజమాని కట్టాల్సిన వాటాను కేంద్రం భరించే పథకం 2008లో మొదలైంది. ఇప్పుడు మీ యూనిట్‌కు ఏది, ఎన్నాళ్లు వర్తిస్తుందో ఈఎస్ఐ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. వస్తే తీసుకోండి. ఆ డబ్బు కోసమే మనుషుల్ని పెట్టుకుంటే డబ్బు ఆగిన రోజున వాళ్ల ఉద్యోగమూ ఆగుతుంది.

పింఛను గురించి మీరు అడగలేదు. కానీ ఆ అన్నయ్య రేపు తప్పకుండా అడుగుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. ఒక పేద కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. పింఛనుకు కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. పీఎఫ్ నంబరు పడితే, జీతం బ్యాంకులో పడితే పింఛను పోతుందేమోనని ఇళ్లలో పెద్ద టెన్షన్. పైగా వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన జరిగినప్పటి నుంచి ఆ భయం ఇంకా పెరిగింది. అందుకే "పేరు రాయకుండా పెట్టుకోండి బాబూ, చేతికి డబ్బులిచ్చేయండి" అంటారు. మీరు ఒప్పుకోకండి. పేరు లేకపోతే ఈఎస్ఐ ఉండదు, దెబ్బ తగిలితే దిక్కుండదు, పదేళ్లు పనిచేసినా పనిచేసినట్టు ఆధారం ఉండదు. వాళ్లను తొందరపెట్టకుండా, జీతం ఎంత వస్తుందో కాగితం మీద రాసిచ్చి, గ్రామ సచివాలయానికి వెళ్లి తమ విషయంలో నిబంధన ఏమిటో కనుక్కుని రమ్మనండి. వీలైతే మీ మనిషిని తోడు పంపండి. పింఛను ఉంచుకోవాలా, ఉద్యోగంలో చేరాలా అనే నిర్ణయం వాళ్లది, అందులోనూ ముందు ఆ అమ్మాయిది. ఉద్యోగం పోతే పింఛను మళ్లీ వస్తుందన్న భరోసా కుటుంబాలకు కలిగేదాకా ఈ చిక్కు తీరదు. ఇది ప్రభుత్వాలు తీర్చాల్సిన చిక్కు. పని చేయగల వేలమందిని ఇది ఇళ్లలోనే కూర్చోబెడుతోంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యంతో ఉన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా. దేశం మొత్తం మీద వాళ్లలో పనిచేస్తున్నవాళ్లు దాదాపు 36 శాతమే. ఒక పక్క మనుషులు దొరకడం లేదని మీరు అంటున్నారు. ఇంకో పక్క మీ చుట్టుపక్కల ఊళ్లలోనే పని అడిగే ధైర్యం చాలక ఇళ్లలో ఉండిపోయినవాళ్లు ఉన్నారు. ఈ ఇద్దరూ కుదురుకున్నాక ఇంకా మనుషులు కావాలంటే మీరు వెతకక్కర్లేదు. హైదరాబాద్‌లో యూత్4జాబ్స్ వంటి సంస్థలు దివ్యాంగులకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లో పెడుతున్నాయి. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు వృత్తి శిక్షణ మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. మీ ప్యాకింగ్‌లో లేబుల్ అంటించడం, డబ్బాలు పేర్చడం లాంటి పనులు వాళ్లలో కొందరు చక్కగా చేయగలరు.

ఇప్పటికే ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నారు. లెమన్ ట్రీ హోటళ్లలో వినికిడి లేనివాళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఏళ్లుగా పనిచేస్తున్నారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టుకతోనే చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్, ఇంటర్‌లో సైన్సు చదవడానికి వీల్లేదంటే కోర్టుకు వెళ్లి గెలిచాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి తనలాంటి ఎందరికో పని ఇచ్చాడు. ఈ కథ మీ సూపర్‌వైజర్‌కు చెప్పండి, ఆ అమ్మాయి మీద మాత్రం రుద్దకండి. ఆమె ఇంకో శ్రీకాంత్ కానక్కర్లేదు. నెలకు సరిపడా కిలోలు, సరిపడా శుభ్రంగా గ్రేడు చేస్తే చాలు. మిగతా 40 మంది దగ్గర మీరు కోరేదీ అంతే కదా.

తీసేయొచ్చా అని అడిగారు. తీసేయొచ్చు, మిగతావాళ్లను ఏ కారణాలతో, ఏ పద్ధతిలో తీసేస్తారో అలాగే. వైకల్యం ఉంది కాబట్టి తీసేశారంటే అది వివక్ష, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు వెళ్తుంది. పని సరిపోలేదు కాబట్టి తీసేశారంటే మీరు ఏమేం ప్రయత్నించారో చూపించగలగాలి. అందుకే చేసిన ఏర్పాట్లు, వారం వారం ఎన్ని కిలోలు చేసింది, ఎక్కడ తప్పు పోయింది, ఏం చెప్పారు అన్నది ఒక పుస్తకంలో రాయించండి. ప్రొబేషన్ అందరికీ ఎన్ని నెలలో వీళ్లకూ అన్ని నెలలే పెట్టండి. ముఖ్యంగా, తప్పు కనబడిన రోజే ఆమెకు చెప్పండి. మొహమాటపడి మూడు నెలలు ఊరుకుని ఒక్కసారిగా "రేపటి నుంచి రావద్దు" అంటే ఆమెకు దిద్దుకునే అవకాశమే ఇవ్వనట్టు. బాగా చేస్తే అది కూడా అందరి ముందు చెప్పండి. రేపు ప్యాకింగ్‌లోనో తూకం దగ్గరో పై పని ఖాళీ అయినప్పుడు ఆమె పేరు కూడా పరిశీలించండి.

కూలి డబ్బులు మాత్రం అన్నయ్య చేతికి ఇవ్వొద్దు, ఆమె పేరు మీద ఉన్న ఖాతాలోనే వేయండి. ఖాతా లేకపోతే చేరేలోపే మీ దగ్గర పనిచేసే ఒక ఆడమనిషిని తోడిచ్చి బ్యాంకుకు పంపించి తెరిపించండి. ఏటీఎం కార్డు, దాని పిన్ను ఆమె దగ్గరే ఉండాలని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.